ఉనికి పొడిగింపు

ఆ విశ్వవిద్యాలయంలో ఒప్పంద అధ్యాపకులు ఏటా ఏప్రిల్ చివరి పనిదినాన సాయంత్రం అయిదు గంటలకు ఉండటం మానేసేవారు. జూన్‌లో పాలక మండలి సమావేశమై పొడిగింపు మంజూరు చేశాక మళ్ళీ ఉండేవారు.

ఉండటం మానేయడమంటే సెలవు మీద పోవడం కాదు. కొన్నేళ్ళ కిందట వాళ్ళు కోర్టుకెక్కారు. ఏళ్ళ తరబడి విరామం లేకుండా పాఠాలు చెబుతున్నాం కనుక మమ్మల్ని పర్మనెంటు చేయాలన్నారు. విశ్వవిద్యాలయం తరఫు న్యాయవాది ఆలోచించి ఒక సలహా ఇచ్చాడు. మనిషంటూ ఉంటే అతని సర్వీసు కూడా ఉన్నట్టేనని వాదించవచ్చు, మనిషే లేకపోతే వాదించేవాడు ఉండడు అన్నాడు. పాలక మండలి ఈ సలహాను ఏకగ్రీవంగా ఆమోదించి, అతిథి గృహానికి కొత్త పరదాలు కొనే అంశంలోకి వెళ్ళింది.

అప్పటినుంచి ఏటా ఆ రోజు ఒప్పంద అధ్యాపకులంతా ఉతికిన బట్టలు కట్టుకొని సెమినార్ హాల్లో కూర్చునేవారు. రిజిస్ట్రార్ మురహరి వచ్చి ఉత్తర్వు చదివి సంతకం పెట్టేవాడు. కుర్చీలు ఖాళీ అయ్యేవి. మొదటి ఏడాది కుర్చీల కింద చెప్పులు, టిఫిన్ డబ్బాలు, గొడుగులు మిగిలిపోయి అటెండర్లకు ఇబ్బంది అయింది. సొంత వస్తువులు ఏవీ తేరాదని మరుసటేడు సర్క్యులర్ ఇచ్చారు. జూన్‌లో పొడిగింపు రాగానే అవే కుర్చీల్లో అందరూ తిరిగి కనిపించేవారు. ఏప్రిల్‌లో మొదలుపెట్టిన దగ్గును జూన్‌లో పూర్తి చేసినవాళ్ళు ఉన్నారు. మధ్యలో ఎక్కడున్నారో వాళ్ళకు తెలియదు. గోళ్ళు పెరగవు, జుట్టు పెరగదు. దీనివల్ల సిబ్బంది వయసు ఏటా కొంత ఆదా అవుతోందని వార్షిక నివేదికలో సంక్షేమ కార్యక్రమాల కింద రాసేవారు.

స్వరూప ప్రభుత్వ పాలన శాఖలో ఒప్పంద అధ్యాపకురాలు. ఆమె భర్త వీరేశానికి యూనివర్సిటీ గేటు ఎదురుగా మోటారు వైండింగ్ షాపు ఉంది. వాళ్ళ బిడ్డ సిరి ఈ పద్ధతి వచ్చే ముందటి ఏడాది మే నెలలో పుట్టింది. తల్లి ఉండగా ఆ పిల్ల పుట్టినరోజు ఎన్నడూ జరగలేదు కనుక దాన్ని జూన్‌కు మార్చుకున్నారు. మామిడికాయ తొక్కు పెట్టడం వీరేశం నేర్చుకున్నాడు. ఏప్రిల్ చివర భార్యను బండి మీద సెమినార్ హాలు దాకా దింపి, ఆమె తాళిబొట్టు, గాజులు, ఫోను సంచిలో వేసుకొని ఇంటికి వెళ్ళేవాడు. జూన్‌లో అదే సంచి పట్టుకొని వచ్చేవాడు. అలవాటైపోయింది. సింగరేణిలో పనిచేసే తన తమ్ముడు షిఫ్టులకు వెళ్ళడం లేదా, ఇదీ అలాంటిదే అనుకొనేవాడు.

ఆ ఏడాది జూన్‌లో సమావేశం మామూలుగానే మొదలైంది. గత సమావేశపు తీర్మానాలను ధ్రువీకరించారు. స్నాతకోత్సవానికి వేసుకొనే గౌన్లు ముదురు ఎరుపులో ఉండాలా, లేత ఎరుపులో ఉండాలా అన్న దానిమీద చాలాసేపు చర్చ జరిగింది. విద్యావేత్తల కోటాలో సభ్యుడైన గ్రానైటు వ్యాపారి దామోదర్ ముదురు వైపు నిలబడ్డాడు. ఉపకులపతి లేతవైపు మొగ్గాడు. చివరికి నమూనా గుడ్డ తెప్పించి కిటికీ దగ్గర వెలుతురులో చూశారు. కొత్త ముఖద్వారం మీద ఏనుగు బొమ్మలు లోపలికి చూడాలా బయటికి చూడాలా అన్నది తర్వాతి అంశం. అంతలో భోజనాల వేళ అయింది. రిజర్వాయరు నుంచి చేపలు తెప్పించారు. తిన్నాక కొందరు సభ్యులు హైదరాబాద్ బయల్దేరారు, కోరం పోయింది. మిగిలిన అంశాలు వచ్చే సమావేశానికి వాయిదా పడ్డాయి. వాటిలో పద్నాలుగో అంశం ఒప్పంద అధ్యాపకుల ఉనికి పొడిగింపు.

వీరేశం సంచి పట్టుకొని సెమినార్ హాలు బయట పొద్దుగూకే దాకా నిలబడ్డాడు. అతనితో పాటు ఇంకా చాలామంది భర్తలు, భార్యలు, అమ్మలు నిలబడ్డారు. లోపల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వాచ్‌మన్ వచ్చి తాళం వేస్తూ, "పైసారి మీటింగుల అయితదట, పోండ్రి" అన్నాడు.

మరుసటి రోజు వీరేశం రిజిస్ట్రార్ గదికి వెళ్ళాడు. మురహరి మంచివాడని పేరు. ఎవరొచ్చినా కూర్చోమంటాడు, మంచినీళ్ళు ఇప్పిస్తాడు.

"సార్, మా ఇంటామె ఇంకా రాలే," అన్నాడు వీరేశం.

"ఏ శాఖ?"

"ప్రభుత్వ పాలన సార్. స్వరూప."

"అది పద్నాలుగో అంశం. వాయిదా పడ్డది వీరేశం."

"వాయిదా అంటె... ఇప్పుడు ఆమె ఏడున్నది సార్?"

"ఎక్కడా లేదు. ఎక్కడన్నా ఉంటే అది సర్వీసు కిందికి వస్తది."

వీరేశం గొంతు తగ్గించి, "బతికైతె ఉన్నదా సార్?" అని అడిగాడు.

"ఆ ప్రశ్నే రాదు," అన్నాడు మురహరి ఓపికగా. "చనిపోయిన ఉద్యోగి కుటుంబానికి ఎక్స్‌గ్రేషియా ఇయ్యాలె. అటువంటి ప్రతిపాదన ఏదీ మా దగ్గర లేదు. కాబట్టి నువ్వు భయపడకు."

"ఇంకో మీటింగు ఎప్పుడు సార్?"

"సభ్యుల వీలును బట్టి." మురహరి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడు, కెమిస్ట్రీలో పనిచేసే మా తమ్ముడు గూడ అందులనే ఉన్నడు. మా అమ్మ పొద్దున లేస్తె నన్నే అడుగుతది. నేనేమన్న మాట్లాడిన్నా? పద్ధతి ప్రకారం కావాలె."

తమ్ముడే లేని మనిషి ఎదుట భార్య లేదని ఏడవడం మర్యాద కాదనిపించి వీరేశం లేచి వచ్చేశాడు.

కాలేజీలు తెరిచారు. వేళకు గంట కొట్టారు. విద్యార్థులు తరగతుల్లో కూర్చొని, ఎవరూ రాకపోతే తర్వాతి గంటకు పక్క గదిలోకి వెళ్ళి అక్కడా ఎవరూ రాకపోతే హాస్టలుకు వెళ్ళేవారు. హాజరు మాత్రం శాఖ గుమాస్తాలు వేసేవారు. వానలు మొదలయ్యాయి. ఇంటర్నల్ పరీక్షలు జరిగాయి, నిరుటి కంటే మార్కులు కాస్త మెరుగ్గానే వచ్చాయి. ఏ విద్యార్థీ ఫిర్యాదు చేయలేదు. మెస్సులో పప్పు నీళ్ళగా ఉందని ఒక ధర్నా జరిగింది, దానిమీద కమిటీ వేశారు.

ఇంట్లో సిరి మొదట్లో రోజూ అడిగేది. తర్వాత అడగడం మానేసింది. ఒకరోజు జడ వేయించుకుంటూ, "బాపూ, అమ్మ ముఖం నాకు మొత్తం గుర్తొస్తలేదు. ముక్కు కాడికి వచ్చి ఆగుతుంది," అంది. వీరేశం ఆ పూట షాపు తెరవలేదు.

తర్వాతి సమావేశం వానాకాలం సగం గడిచాక పెట్టారు. ఆ పొద్దున్నే అతిథి గృహం బోరు మోటారు కాలిపోయింది. వంటకు నీళ్ళు లేవు, స్నానాల గదుల్లో నీళ్ళు లేవు. ముందురోజే వచ్చి దిగిన సభ్యులు సబ్బు పూసుకొని నిలబడిపోయారు. మనిషిని పంపితే వీరేశం వచ్చి మోటారు విప్పి షాపుకు తీసుకెళ్ళాడు. భోజనాలకు ఇంకా టైముందనగా తెచ్చి బిగించి, పంపు గది మెట్టు మీద కూర్చున్నాడు.

మురహరి స్వయంగా వచ్చాడు. "అయిందా వీరేశం?"

"అయింది సార్."

"మరి స్విచ్ ఎయ్యి."

"పద్నాలుగో అంశం అయినంక ఏస్త సార్."

మురహరి అర్థం కానట్టు చూశాడు. "ఇంకో ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్త."

"పిలిపియ్యుండ్రి. ఫ్యూజు నా జేబుల ఉన్నది. గుంజుకుంటరా?" వీరేశం చేతులు జోడించాడు. "సార్, దండం బెడ్త. మా బిడ్డ తల్లి ముఖం మర్శిపోతున్నది. మీ తమ్ముడు గూడ వస్తడు గద సార్!"

మురహరి ముఖంలో ఒక వెలుగు వంటిది కనబడింది, అది రిజిస్ట్రారు ముఖం కాదు. వెంటనే జేబురుమాలుతో తుడుచుకొని లోపలికి వెళ్ళాడు. నీటి సరఫరా పద్నాలుగో అంశం తర్వాత పునరుద్ధరింపబడుతుందని సభకు మనవి చేశాడు. ఎవరూ కారణం అడగలేదు. అందరికీ ఆకలిగా ఉంది, చేతులు జిడ్డుగా ఉన్నాయి.

ఉపకులపతి అంశం చదివాడు. దామోదర్ వెంటనే చెయ్యెత్తాడు.

"ఇన్ని నెలలు వీళ్ళు లేరు గదా. ఏం ఆగింది?"

"ఏమీ ఆగలేదు సార్," అన్నాడు మురహరి.

"మరి ఎందుకు తెచ్చుడు?"

"తనిఖీ బృందం వస్తున్నది," అన్నాడు ఉపకులపతి. "తరగతి గదుల్లో ఎవరో ఒకరు నిలబడి కనిపించాలె."

"అయితె తరగతి ఉన్నంతసేపు ఉంటె సాలు," అన్నాడు దామోదర్. "మొత్తం మనిషి ఎందుకు? బోరు మోటరు పొద్దంతా నడుపుతమా? కావల్సినప్పుడు ఏస్తం, అయినంక బంద్ చేస్తం."

ఈ మాట సభ్యులందరికీ నచ్చింది. న్యాయవాదిని ఫోనులో అడిగితే, గంటకూ గంటకూ మధ్య తెగిపోయే సర్వీసును ఏ కోర్టూ కలపలేదని, ఇది వేసవి పద్ధతి కంటే గట్టిదని మెచ్చుకున్నాడు. ఒప్పంద అధ్యాపకులు ఇకపై తరగతి మొదలయ్యే గంట నుంచి ముగిసే గంట వరకు, తరగతి గది గడపకు లోపల ఉండాలని తీర్మానించారు. మురహరి ఆ తీర్మానాన్ని తన చేత్తోనే రాశాడు. బయటికి వచ్చి, "వస్తరు," అని ఒక్కమాట అని తల తిప్పుకున్నాడు. వీరేశం ఆయన కాళ్ళకు మొక్కబోయి ఆగి ఫ్యూజు పెట్టి స్విచ్ వేశాడు. అతిథి గృహంలో నీళ్ళు వచ్చాయి.

మర్నాడు మొదటి గంట కొట్టేసరికి వీరేశం ప్రభుత్వ పాలన తరగతి గుమ్మంలో ఉన్నాడు. స్వరూప బల్ల దగ్గర నిలబడి ఉంది, అదే నీలం చీరలో. సెమినార్ హాల్లో కూర్చోవలసిన మనిషి ఇక్కడ ఎలా ఉందో తెలియక చుట్టూ చూస్తోంది. కిటికీ బయట గడ్డి ఏపుగా పెరిగి ఉంది.

"వానలు వడ్డయా?" అంది. తర్వాత గుమ్మం వైపు చూసింది. "సంచి తేలేదా? సిరి ఏది?"

వీరేశం చెప్పడం మొదలుపెట్టాడు. ఏడుపు వల్ల సగం మాటలు పోయాయి. విద్యార్థులు మర్యాదగా పుస్తకాల్లోకి చూశారు. అంతా విని స్వరూప చెంగుతో ముఖం తుడుచుకొని, "సరే, ఇంటికి పోదాం పట్టు," అంటూ గడప దాటింది. వీరేశం చేతిలో ఆమె చెయ్యి ఉన్నట్టే ఉండి లేకుండా పోయింది. గడప దాటితే తరగతి ముగిసినట్టేనని ఉత్తర్వులో ఉన్న సంగతి అతను చెప్పనే లేదు.

రెండో గంటకు ఆమె మళ్ళీ వచ్చింది. అప్పటినుంచి గడప జోలికి వెళ్ళలేదు.

తరగతిలో విద్యార్థులు కానివారు కూర్చోరాదని శాఖ గుమాస్తా అభ్యంతరం చెప్పాడు. వీరేశం ఎప్పుడో దూరవిద్యలో బీఏ చేసి ఉన్నాడు. సర్టిఫికెట్లు వెతికి ఎం.ఏ. ప్రభుత్వ పాలనలో చేరిపోయాడు. మిగతా కుటుంబాలూ అదే పని చేశాయి. గణితంలో ఒక రిటైర్డు కండక్టరు తన కొడుకు పాఠం వినడానికి చేరాడు. ల్యాబు ఉన్న శాఖలవాళ్ళను అందరూ అదృష్టవంతులు అనేవారు, ప్రాక్టికల్సుకు రెండు గంటలు కలిపి ఇస్తారు కనుక. మురహరి తల్లి కెమిస్ట్రీ ల్యాబులో ఒక స్టూలు మీద కూర్చునేది. మురహరి ఆ వేళకు వరండాలోంచి ఒకసారి నడిచి వెళ్ళేవాడు, లోపలికి చూసేవాడు కాదు. ప్రవేశాలు గణనీయంగా పెరిగాయని పాలక మండలి సంతృప్తి వ్యక్తం చేసింది.

వీరేశం రెండో వరుసలో కూర్చొని భార్యను మేడం అనేవాడు. ఇంటి మాటలు నేరుగా మాట్లాడితే మిగతా విద్యార్థులకు నష్టమని సందేహాల రూపంలో అడిగేవాడు.

"మేడం, ఒక సంస్థల చిన్న ఉద్యోగికి రాత్రి నుంచి జెరమున్నది. ఏం జెయ్యాలె?"

"డాక్టర్ దగ్గరికి తీస్కపోయినవా?" అని స్వరూప గాభరాగా అడిగి, వెంటనే సర్దుకొని, "కింది స్థాయిలో సమస్య వస్తే ఆలస్యం చేయకుండా పై స్థాయికి పంపాలి," అని బోర్డు మీద రాసేది.

సిరిని తరగతిలోకి రానిచ్చేవారు కాదు. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టడం గురించి మాత్రం ఉత్తర్వులో ఏమీ లేదు. బడి లేని పూట ఆ పిల్ల కిటికీ కింద నిలబడేది. స్వరూప బల్ల కిటికీ పక్కకు జరుపుకొని ఎడమ చెయ్యి బయటికి చాపి, కుడిచేత్తో పుస్తకం పట్టుకొని పాఠం చెప్పేది. ఎడమచేతి కింద బిడ్డ తల ఉండేది.

ఒక విషయం ఎవరూ ముందు ఆలోచించలేదు. ముగిసే గంటకూ మళ్ళీ మొదలయ్యే గంటకూ మధ్య స్వరూపకు ఏమీ లేదు. గంట మోగుతుంది, మోగుతూండగానే విద్యార్థుల చొక్కాలు మారిపోతాయి, నల్లబల్ల మీద అక్షరాలు మాయమవుతాయి, ఎండ ఉన్నచోట వాన ఉంటుంది. పాఠం మాత్రం ఆగదు. ఊళ్ళో వారం గడిచేసరికి ఆమె ఒక్క కునుకు లేకుండా రాత్రింబవళ్ళు నిలబడి మాట్లాడినట్టయింది. ఆకలికి వీరేశం డబ్బా తెచ్చేవాడు. విద్యార్థులు నోట్సు రాసుకుంటూ ఉంటే ఆమె అటు తిరిగి అన్నం తినేది. నిద్రకే దారి లేకపోయింది. ఒకనాడు అధికార వికేంద్రీకరణ గురించి చెబుతూ మాట మధ్యలో కళ్ళు మూసుకొని పక్కకు ఒరిగిపోయింది. వీరేశం లేచి పట్టుకున్నాడు.

"నాతోని అయితలేదు. ఒక్క గంట పండుకుంట," అంది.

తరగతిలో అధ్యాపకులు నిద్రపోతే క్రమశిక్షణ చర్య ఉంది. కానీ పాఠం ఆగకపోతే నిద్ర బయటికి తెలియదు. స్వరూప బల్ల మీద తల పెట్టుకుంది. వీరేశం ఆమె పుస్తకం తీసుకొని బోర్డు దగ్గర నిలబడి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. కొన్ని పదాలు నోరు తిరగలేదు. విద్యార్థులు నవ్వలేదు. మునివేళ్ళ మీద నడిచి ఒకమ్మాయి తన చున్నీ తెచ్చి స్వరూప తల కింద పెట్టింది. ఆనాటి నుంచి మధ్యాహ్నపు తరగతులన్నీ వీరేశమే చదివేవాడు. రోజులో భార్య ఉండేదే ఆ కాసేపు, అందులో సగం ఆమె నిద్రపోయేది. చదువుతూ మధ్యమధ్య అటు చూసేవాడు. ఇంట్లో ఉన్న రోజుల్లో ఆమె నిద్రపోతుంటే ఇంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదని అతనికి అనిపించింది. ఇంత గట్టిగా మాట్లాడుతూ చూడవలసి రావడమే కొంచెం కష్టంగా ఉండేది.

తనిఖీ బృందం వచ్చింది. తరగతి గదులు కిటకిటలాడటం, తలనెరిసినవాళ్ళు కూడా కళ్ళార్పకుండా అధ్యాపకుల వైపే చూస్తూండటం గమనించి, ఇంత ఏకాగ్రత ఎక్కడా చూడలేదని రాసి విశ్వవిద్యాలయానికి పై శ్రేణి ఇచ్చింది. పాలక మండలి ఒప్పంద విధానాన్ని పర్మనెంటు చేసింది.

పరీక్షలు దగ్గరపడుతున్నాయని, ఆదివారం కూడా ఒక తరగతి పెట్టించాలని వీరేశం అందరి దగ్గరా సంతకాలు తీసుకొని మురహరికి ఇచ్చాడు. విద్యార్థుల శ్రేయస్సు దృష్ట్యా మండలి దాన్ని చర్చ లేకుండా మంజూరు చేసింది. ఆ కబురు తెలిసిన రోజు వీధిలో అందరికీ వీరేశం మిఠాయి పంచాడు. పక్కింటి ముసలామె అతని తల మీద చెయ్యి పెట్టి, "మీ సార్లు సల్లగుండాలె బిడ్డా," అంది. అతను కూడా మనసారా అలాగే అనుకున్నాడు.

ఆదివారం వాచ్‌మన్ ఎవరినీ అడ్డుకోలేదు. సిరి మొదటిసారి తరగతి లోపలికి వచ్చి తల్లి ఒళ్ళో కూర్చుంది. వీరేశం పచ్చిపులుసు, ఉడకబెట్టిన గుడ్లు తెచ్చాడు. స్వరూప బిడ్డకు తినిపించి తాను తిని, చిక్కు తీసి రెండు జడలు వేసింది. పక్క గదుల్లోంచి కూడా గిన్నెల చప్పుళ్ళు, నవ్వులు వినిపిస్తున్నాయి. అటుగా కారులో వెళ్తున్న ఉపకులపతి అద్దం దించి, ఆదివారం కూడా చదువుమీద ఇంత మమకారమా అని పక్కనున్న మురహరితో అన్నాడు. మురహరి అవును సార్ అన్నాడు.

గంట కొట్టేవాడు వరండాలో నడుస్తున్న అడుగుల శబ్దం వినిపించింది. సిరి తల్లి మెడ చుట్టూ చేతులు బిగించింది.

"మళ్ల ఎప్పుడొస్తవమ్మా?"

"రేపు ఫస్ట్ అవర్," అన్నాడు వీరేశం.

స్వరూప బిడ్డ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకొని నవ్వింది. "గంతేనా? నాకైతె ఇప్పుడే గద," అంది.

గంట మోగింది. మెడ చుట్టూ బిగించిన చేతులు ఒకదాన్నొకటి పట్టుకొని ఉండిపోయాయి. వీరేశం కుర్చీలోంచి బిడ్డను ఎత్తుకొని దింపి, గిన్నెలు సర్ది, నల్లబల్ల తుడిచాడు. బయట మిగతా కుటుంబాలు డబ్బాలు పట్టుకొని గేటు వైపు నడుస్తున్నాయి. రేపటికి ఏం వండుకొస్తున్నారని ఒకరినొకరు అడుగుతున్నారు. వీరేశం వాళ్ళలో కలిసి, వంకాయ అనుకుంటున్నానని చెప్పాడు.